పేరు లేని నౌకరు నుంచి డాక్టర్ ఫిన్ దాకా: బ్రిటిష్ తెరపై ఒక గాంబియా నటుడు

సంక్షిప్తంగా: గాంబియాలో పుట్టిన లూయిస్ మహోనీ (1938–2020) ఐదు దశాబ్దాలకు పైగా బ్రిటిష్ టెలివిజన్‌లో, సినిమాలో, రంగస్థలం మీద ఎక్కువగా చిన్న పాత్రలే వేశారు. ఆ పాత్రలు చిన్నవిగా మిగిలిపోవడానికి కారణాలు కథలు రాసే బల్ల దగ్గర, ఒప్పందాలు కుదిరే గదుల్లో దొరుకుతాయి. ఆయన నటుల సంఘమైన ఈక్విటీలో చేరి ఆ గదుల్లోకి కూడా వెళ్లారు. ఆయన వృత్తి జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే తెరను, సంఘాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

సినిమా పూర్తయ్యాక తెరమీద దొర్లే జాబితాలో నటుడి పేరుకు ఎదురుగా పాత్ర పేరు ఉంటుంది. పెద్ద నటుల విషయంలో ఆ రెండో పేరును పట్టించుకునేవారు తక్కువ. సహాయ నటుల చరిత్ర రాయాలంటే మాత్రం మొదట చదవవలసింది దాన్నే.

1966లో హామర్ సంస్థ విడుదల చేసిన ‘ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్’ అనే భయానక చిత్రంలో మహోనీ పేరుకు ఎదురుగా ఉన్నది ‘కలర్డ్ సర్వెంట్’, అంటే నల్లజాతి నౌకరు. పాత్రకు పేరే లేదు. 1973లో కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే కథల బీబీసీ ధారావాహిక ‘డాక్టర్ హూ’లో ఆయన వార్తలు చదివే మనిషి. అక్కడా పేరు లేదు, కానీ వృత్తి ఉంది. 1975లో అదే ధారావాహిక మరో కథలో ‘పాంటీ’ అనే అంతరిక్ష నావికుడు. అదే ఏడాది ‘ఫాల్టీ టవర్స్’ అనే హాస్య ధారావాహికలో ‘డాక్టర్ ఫిన్’. 1981లో ‘ఓమెన్’ చిత్రాల వరుసలో మూడోదానిలో ‘బ్రదర్ పాలో’ అనే సన్యాసి. 2007లో మళ్లీ ‘డాక్టర్ హూ’లో ‘బిల్లీ షిప్టన్’. ఈసారి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వెనక ఒక జీవితం, ముందు ఒక మరణం ఉన్న పాత్ర.

ఇక్కడ ఆపేస్తే ఇది మెట్టుమెట్టుగా పైకెక్కిన కథలా కనిపిస్తుంది. కానీ 2013లో వచ్చిన ‘కెప్టెన్ ఫిలిప్స్’ చిత్రంలో డెబ్బై అయిదేళ్ల మహోనీ ఓడ సిబ్బందిలో ఒకరు మాత్రమే. పేరు మళ్లీ పోయింది. ఈ ఎగుడుదిగుడుల వెనక ఉన్నవి ఏమిటన్నదే అసలు ప్రశ్న.

వైద్యం చదవడానికి వచ్చిన కుర్రవాడు

మహోనీ 1938 సెప్టెంబరులో బాథర్స్ట్‌లో పుట్టారు. గాంబియా నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ చిన్న రేవు పట్టణాన్ని ఇప్పుడు బంజుల్ అంటారు. అప్పటికి అది బ్రిటిష్ వలస. మహోనీ అన్న ఇంటిపేరు ఐర్లండ్‌ను గుర్తుచేసినా, బాథర్స్ట్‌లోని ‘ఆకు’ అనే సమాజంలో ఇలాంటి ఇంటిపేర్లు కొత్తేమీ కావు. బానిస ఓడల నుంచి విడుదలై పశ్చిమాఫ్రికా తీరంలో స్థిరపడినవారి సంతతి అది. చదువుకూ ప్రభుత్వోద్యోగాలకూ పేరుపడ్డ సమాజం.

1957లో ఆయన వైద్య విద్య కోసం లండన్ చేరారు. వలస దేశాల మధ్యతరగతి కుటుంబాలు తమ పిల్లల కోసం కనే కలల్లో అది మొదటిది. తెలుగు కుటుంబాలకు దాని గురించి వివరించనక్కరలేదు. కానీ ఆయన వైద్యం వదిలి సెంట్రల్ స్కూల్ ఆఫ్ స్పీచ్ అండ్ డ్రామాలో నటన నేర్చుకున్నారు. 1960లు వచ్చేసరికి టెలివిజన్‌లో పని మొదలైంది. 1967లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరిన తొలి నల్లజాతి నటులలో ఆయన ఒకరు.

ఈ వివరాలకు ఒక ప్రాముఖ్యం ఉంది. చిన్న వేషాలకే పరిమితమైనవారిని చూసినప్పుడు శిక్షణ లేకపోవడమో, పెద్ద వేదిక అందకపోవడమో కారణం కావచ్చని సహజంగా అనిపిస్తుంది. మహోనీ విషయంలో ఆ రెండూ నిలవవు. దేశంలోని పేరున్న నటన పాఠశాల, ప్రపంచంలోనే పేరున్న షేక్‌స్పియర్ బృందం, రెండూ ఆయనకు ముప్పయ్యేళ్ల లోపే దక్కాయి. అయినా తెరమీద వేషాల పరిమాణం మారలేదు.

వేషాలు పుట్టే చోటు

సహాయ నటుడికి పని దొరకాలంటే ముందు ఎవరో ఒక రచయిత ఆ పాత్రను ఊహించాలి. 1960లలో బ్రిటిష్ రచయితలు ఆఫ్రికా మనిషిని ఊహించిన సందర్భాలు కొన్నే. వాటిలో ఎక్కువ భాగం వార్తాపత్రికల మొదటి పేజీ నుంచి వచ్చాయి. 1957లో ఘనా, 1960లో నైజీరియా, 1965లో గాంబియా స్వతంత్రమయ్యాయి. సామ్రాజ్యం ముడుచుకుంటున్నకొద్దీ టెలివిజన్ కథల్లో కల్పిత ఆఫ్రికా దేశాలు పుట్టుకొచ్చాయి. అక్కడ ఒక మంత్రి, ఒక సైనికాధికారి, ఒక తిరుగుబాటుదారు, వారిని కలవడానికి లండన్ నుంచి వచ్చే తెల్ల కథానాయకుడు. మహోనీ కనిపించిన ‘డేంజర్ మ్యాన్’ అనే గూఢచారి ధారావాహిక, చమురు కంపెనీ చుట్టూ తిరిగే ‘ది ట్రబుల్‌షూటర్స్’ ఈ కోవలోవే.

ఈ రకం వేషానికి ఒక లక్షణం ఉంది. కథ ఆ వారం ఆఫ్రికాకు వెళ్తేనే పని, వచ్చేవారం హాంకాంగ్‌కు వెళ్తే లేదు. కాబట్టి నటుడు ధారావాహికలో నిలబడడు, ఒక భాగానికి అతిథిగా వచ్చి వెళ్తాడు. ప్రేక్షకుడికి ముఖం గుర్తుంటుంది, పేరు గుర్తుండదు. నటుడు వారానికో దేశస్థుడవుతాడు. గాంబియా మనిషి హైతీ నౌకరుగా, జమైకా కూలీగా, దక్షిణాఫ్రికా ఖైదీగా మారడానికి ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆ దేశాల మధ్య ఉన్న వేల మైళ్లు, వేరువేరు భాషలు పాత్రధారులను ఎంపిక చేసేవారి లెక్కలోకి వచ్చేవి కావు.

రెండో దారి స్వదేశంలోని కథలు. 1958లో లండన్‌లోని నాటింగ్ హిల్ అల్లర్ల తర్వాత జాతి సంబంధాల మీద ‘సఫైర్’ (1959), ‘ఫ్లేమ్ ఇన్ ద స్ట్రీట్స్’ (1961) వంటి చిత్రాలు వచ్చాయి. వాటిలో నల్లజాతి పాత్రలు బలంగానే ఉన్నాయి. అయితే ఆ పాత్ర కథలోకి రావాలంటే ముందు ఒక సమస్యగా రావాలి. సమస్య లేని చోట, పక్కింటి మనిషిగానో బ్యాంకు గుమాస్తాగానో, అతనికి చోటు దొరకలేదు.

ఇంత ఇరుకైన వాకిలిలోనూ మరొకరు అడ్డుగా నిలబడి ఉండేవారు: ముఖానికి రంగు పూసుకున్న తెల్ల నటులు. బీబీసీ 1958 నుంచి 1978 దాకా ‘ది బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో’ను ప్రసారం చేసింది. జాతి వివక్ష వ్యతిరేక ఉద్యమకారులు 1967లో దాన్ని ఆపమని విజ్ఞప్తి చేసినా అది మరో పదకొండేళ్లు నడిచింది. ప్రఖ్యాత ఆంగ్ల నటుడు లారెన్స్ ఒలీవియర్ 1960ల నడుమ ఒళ్లంతా నల్లరంగు పూసుకుని, షేక్‌స్పియర్ సృష్టించిన నల్లజాతి కథానాయకుడు ఒథెల్లోను నాటకంలోనూ సినిమాలోనూ ఆడారు. భారతీయ పాత్రలకూ ఇదే గతి. మహారాష్ట్రలోని దేవలాలి సైనిక శిబిరం నేపథ్యంగా 1974లో మొదలైన ‘ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్’ హాస్య ధారావాహికలో రంగీరామ్ అనే భారతీయుడి పాత్రను మైకేల్ బేట్స్ అనే ఆంగ్ల నటుడు ముదురు రంగు పూసుకుని వేశారు. అంటే ఒథెల్లో వంటి గొప్ప పాత్ర వచ్చినా, రంగీరామ్ వంటి హాస్యపాత్ర వచ్చినా, అది చేరవలసిన నటుడిని చేరడం లేదు. పేదవాడి పళ్లెంలో ఉన్న నాలుగు మెతుకుల్లో రెండు పక్కవాడు తీసుకోవడం వంటిది ఇది. ఆఫ్రికా, ఆసియా నటులు తర్వాతి కాలంలో ఈక్విటీలో ఒకే కమిటీ కింద చేరడానికి ఈ ఉమ్మడి నష్టం ఒక బలమైన కారణం.

కార్డు ఉంటే పని, పని ఉంటే కార్డు

బ్రిటన్‌లో నటవృత్తికి మరో కాపలా ఉండేది. ఈక్విటీ 1930లో ఏర్పడిన నటుల సంఘం. దాని సభ్యత్వ కార్డు లేనిదే వృత్తి వేదికల మీద, టెలివిజన్‌లో పని దొరకడం దాదాపు అసాధ్యం. ఆ కార్డు రావాలంటే ముందు జిల్లా పట్టణాల రెపర్టరీ నాటకశాలల్లో పని చేసి ఉండాలి. ఈ కట్టడిని 1990లో చట్టం ద్వారా తొలగించేదాకా తెల్ల నటులకైనా, నల్ల నటులకైనా నియమం ఒక్కటే.

నియమం ఒక్కటైనా ఫలితం ఒక్కటి కాలేదు. రెపర్టరీ బృందంలో నటుడు ఒక నాటకానికి కాక, కొన్ని వారాలకో నెలలకో కుదురుతాడు. ఈ వారం డ్రాయింగ్ రూము హాస్యం, వచ్చేవారం హత్యా రహస్యం, ఆపై వారం క్రిస్మస్ వినోదం. ఈ నాటకాలన్నీ ఇంగ్లండ్ మధ్యతరగతి ఇళ్లలో జరుగుతాయి. అక్కడ నల్లజాతి నటుడిని తీసుకుంటే ఏ వేషం ఇవ్వాలన్నది నిర్వాహకుడి సందేహం. ‘కథ ప్రకారం కుదరదు’ అన్న ఒక్క మాటతో వ్యవహారం ముగిసేది. ఎవరూ ద్వేషంతో అననక్కరలేదు. ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది, అందుకే దాన్ని ఎదుర్కోవడం కష్టం.

చట్టం కూడా ఆ మాటకు చోటిచ్చింది. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించిన 1976 నాటి చట్టంలో నటనకు ఒక మినహాయింపు ఉంది. పాత్ర సహజంగా కనిపించడానికి ఫలానా జాతి మనిషే కావాలని నిర్మాత అడగవచ్చు. ఆ మినహాయింపు వల్ల నల్లజాతి పాత్రకు నల్లజాతి నటుడినే కోరే వీలు కలిగింది. మిగతా పాత్రలన్నీ సహజంగానే తెల్లవారివి అనుకునే అలవాటుకు అదే ఆసరా కూడా అయింది.

డాక్టర్ ఫిన్

1975 అక్టోబరు 24న ప్రసారమైన ‘ది జర్మన్స్’ ‘ఫాల్టీ టవర్స్’ మొదటి విడతలో చివరి భాగం. మొత్తం పన్నెండు భాగాలే ఉన్న ఆ ధారావాహికను 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ఎంపికలో ఆ దేశపు అత్యుత్తమ టెలివిజన్ కార్యక్రమంగా తేల్చారు. తలకు దెబ్బ తగిలిన హోటల్ యజమాని బేసిల్ ఫాల్టీ ఆసుపత్రి పాలవుతాడు. అతణ్ణి చూడవలసిన వైద్యుడు మహోనీ వేసిన డాక్టర్ ఫిన్. బేసిల్ అక్కడి నుంచి జారుకుని, హోటల్‌కు చేరి, జర్మన్ అతిథుల ముందు నానా రభస చేస్తాడు. చివరికి డాక్టర్ ఫిన్ అతణ్ణి వెతుక్కుంటూ హోటల్‌కు వస్తాడు.

నిడివిలో ఇది కొద్ది నిమిషాల వేషం. నిర్మాణంలో మాత్రం అరుదైనది. ఎదుట నల్లజాతి వైద్యుడు కనిపించగానే బేసిల్ ఉలిక్కిపడతాడు. ప్రేక్షకుల నవ్వు ఆ ఉలిక్కిపాటు మీద పడుతుంది. వైద్యుడు నిదానంగా, మర్యాదగా తన పని తాను చేసుకుపోతాడు. ఆ భాగం మొత్తంలో మతి స్థిమితంగా ఉన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. పాత్ర పేరులో ఆఫ్రికా జాడ లేదు, మాటలో యాస విరుపు లేదు, తెల్ల కోటు తప్ప వేషధారణ లేదు. తొమ్మిదేళ్ల కింద పేరు లేని నౌకరుగా నిలబెట్టిన నటుడినే ఇక్కడ కథలోని వివేకానికి ప్రతినిధిగా నిలబెట్టారు. హాస్యంలో కదలకుండా నిలబడి ఎదుటివాడి వెర్రిని బయటపెట్టడం తేలికైన విద్య కాదు. మహోనీ దాన్ని రెప్ప వేయకుండా చేశారు. వైద్య విద్య వదిలేసిన మనిషి దేశమంతా గుర్తుపెట్టుకున్నది వైద్యుడి పాత్రలోనే.

ఈ వేషం ఎలా సాధ్యమైంది? రచయితలు జాన్ క్లీజ్, కొనీ బూత్‌ల నేర్పు ఒకటి. బయటి ప్రపంచం మరొకటి. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ అప్పటికే ఆఫ్రికా, కరీబియన్ దీవులు, భారత ఉపఖండం నుంచి వచ్చిన వైద్యుల మీద, నర్సుల మీద నడుస్తోంది. వారిలో తెలుగు డాక్టర్లూ ఉన్నారు. ఆసుపత్రిలో నల్లజాతి వైద్యుడు కనిపించడానికి కథలో ప్రత్యేక కారణం చెప్పనక్కరలేకపోయింది. 1964లోనే ‘ఎమర్జెన్సీ వార్డ్ 10’ అనే ఆసుపత్రి ధారావాహికలో జమైకాలో పుట్టిన జోన్ హూలీ వైద్యురాలి పాత్ర వేశారు. ఊహించడానికి రచయితలు ఇంకా తడబడుతున్న చోట, ఆసుపత్రి నిజం ముందుగా తెరమీదికి వచ్చేసింది.

ఇదే భాగం 2020 జూన్‌లో చర్చకు వచ్చింది. యూకేటీవీ తన ప్రసార వేదిక నుంచి దాన్ని కొద్దిరోజులు తొలగించి, తర్వాత హెచ్చరికతో తిరిగి పెట్టింది. అప్పుడు చాలామంది జర్మన్ అతిథుల దృశ్యమే కారణమనుకున్నారు. నిజానికి అభ్యంతరం ఉన్నది హోటల్‌లో ఉండే ముసలి మేజర్ మాటలకు. ఓవల్ మైదానంలో భారత జట్టు ఆడిన మ్యాచ్‌కు ఒకామెను తీసుకెళ్లిన సంగతి చెబుతూ, భారతీయులకు ఏ దూషణ పదం వాడాలి, వెస్టిండీస్ వారికి ఏది వాడాలి అని ఆమెకు నేర్పినట్టు అతడు వర్ణిస్తాడు. ఆ పాత్రను వెర్రి ముసలివాడిగా చూపించడమే ఉద్దేశమని రచయితల పక్షం, ఆ మాటలు వింటే తగిలే దెబ్బ ఉద్దేశంతో తగ్గదని మరో పక్షం. రెండింటిలోనూ బలం ఉంది. ఈ వాదనలో ఎవరూ పెద్దగా ప్రస్తావించని సంగతి ఒకటి ఉంది. ఆ దూషణలు విన్న భాగంలోనే డాక్టర్ ఫిన్ కూడా ఉన్నాడు. ఆ భాగాన్ని తీసివేసినప్పుడు మేజర్ మాటలతో పాటు మహోనీ పని కూడా తెర నుంచి మాయమైంది.

సంఘంలోపల

తెరమీద దొరికే పనిని ఒక్కో నటుడు ఒంటరిగా మార్చలేడన్న గ్రహింపు మహోనీని ఈక్విటీలోకి నడిపించింది. సంఘంలో ‘కలర్డ్ యాక్టర్స్ కమిటీ’ అన్న పేరుతో ఉన్నదాన్ని ఆఫ్రో-ఏషియన్ కమిటీగా రూపుదిద్దినవారిలో ఆయన ఒకరు. సంఘ మండలిలో ఆఫ్రికా, ఆసియా నటుల ప్రతినిధిగా ఏళ్ల తరబడి కూర్చున్నారు. 1990ల నడుమ ఉపాధ్యక్షులలో ఒకరయ్యారు. ‘కలర్డ్’ అనే మాట పోవడం పైకి చిన్న మార్పు. కానీ ఆ మాట ఆయన తొలినాటి సినిమా జాబితాలో ఆయన పేరుకు ఎదురుగా ఉన్న మాటే. తెరమీద మార్చలేకపోయిన దాన్ని సంఘంలో మార్చగలిగారు.

కమిటీ కోరినది సూటిగా ఉంది. కథకు జాతితో సంబంధం లేని పాత్రలన్నీ అందరికీ తెరిచి ఉండాలి. పోలీసు, న్యాయవాది, ఉపాధ్యాయురాలు, బస్సు కోసం నిలబడ్డ మనిషి వంటి పాత్రలకు రచయిత రంగు రాయకపోతే, అది తెల్లరంగు అని నిర్మాత చదువుకోకూడదు. ఈ డిమాండు పెద్ద పాత్రలను ఉద్దేశించింది కాదన్నది గమనించవలసిన విషయం. వందలాది చిన్న పాత్రలు తెరుచుకుంటే రెపర్టరీలో చోటు, కార్డు, నెలసరి ఆదాయం వాటంతటవే తెరుచుకుంటాయి. సహాయ నటుడికి మాత్రమే తట్టే ఆలోచన ఇది.

దక్షిణాఫ్రికా విషయంలో సంఘం వాడిన ఆయుధం ఇంకా ఆసక్తికరమైనది. వర్ణవివక్ష పాలనలోని ఆ దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1976 జనవరిలో మొదలయ్యాయి. ఇంగ్లిష్ కార్యక్రమాలకు అదొక కొత్త సంత. అదే ఏడాది ఈక్విటీ తన సభ్యులు నటించిన కార్యక్రమాలను అక్కడికి అమ్మనివ్వకూడదని నిర్ణయించింది. విదేశాలకు కార్యక్రమం అమ్మాలంటే నటుల ఒప్పందంలో సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి ఇవ్వకపోతే అమ్మకం ఆగిపోతుంది. ప్రభుత్వ ఆంక్షలు అవసరం లేకుండా, ఒప్పందంలోని ఒక్క షరతుతో ఒక దేశపు తెరమీది నుంచి బ్రిటిష్ కార్యక్రమాలను తప్పించారు. ఆ ఖాళీని ఎక్కువగా అమెరికా కార్యక్రమాలు నింపాయి. దీనివల్ల సభ్యులు అమ్మకాల మీద వచ్చే సొమ్ము వదులుకోవలసి వచ్చింది. చిన్న పాత్రల నటులకు ఇలాంటి చిల్లర సొమ్మే పని లేని నెలల్లో ఆధారం, కాబట్టి ఈ విధానానికి సంఘంలోపలే వ్యతిరేకత ఉండేది. ఆ విధానాన్ని కాపాడటానికి ఏర్పడిన ‘పెర్ఫార్మర్స్ అగైనెస్ట్ రేసిజం’ వ్యవస్థాపకుల్లో మహోనీ ఒకరు.

సంఘం బలం రెండు వైపులా పదునున్నదని ఒథెల్లో ఉదంతం చూపిస్తుంది. బీబీసీ తన షేక్‌స్పియర్ నాటకాల వరుసలో ఒథెల్లో పాత్రకు అమెరికా నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ను తీసుకోవాలనుకుంది. విదేశీ నటుడిని తెచ్చుకోవడానికి ఈక్విటీ అభ్యంతరం చెప్పింది. స్వదేశీ నటులకు పని కాపాడటం దాని ధర్మం. కానీ 1981లో ప్రసారమైన ఆ నాటకంలో ఒథెల్లో వేషం చివరికి ఆంథొనీ హాప్‌కిన్స్‌కు దక్కింది. నల్లజాతి బ్రిటిష్ నటుడికి దక్కలేదు. స్వదేశీ పనిని కాపాడమన్న నియమం, ‘స్వదేశీ’ అంటే ఎవరన్న ప్రశ్నను వదిలేసింది. మహోనీ వంటివారు సంఘంలోపల ఎందుకు పనిచేయవలసి వచ్చిందో దీన్ని మించి చెప్పే ఉదాహరణ లేదు.

బాథర్స్ట్ నుంచి వచ్చిన మరొకరు, ఇంకొన్ని దారులు

మహోనీ ఎంచుకున్న దారి ఒక్కటే దారి కాదు. జానీ సెక్కా 1934లో డాకర్‌లో పుట్టి బాథర్స్ట్‌లో పెరిగారు. ‘ఫ్లేమ్ ఇన్ ద స్ట్రీట్స్’లో తెల్ల యువతిని ప్రేమించిన ఉపాధ్యాయుడిగా ఆయన వేసిన పాత్ర, అందగాడైన నల్లజాతి కథానాయకుడు బ్రిటిష్ తెరకు దొరికాడన్న ఆశ కలిగించింది. ఆ ఆశకు తగిన పాత్రలు తర్వాత రాలేదు. ఆయన అమెరికా వెళ్లిపోయారు. 1976 నాటి ‘ది మెసేజ్’లో బిలాల్ పాత్ర ఆయనకు ముస్లిం ప్రపంచమంతా గుర్తింపు తెచ్చింది. 2006లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. సెక్కాకు దక్కిన ఎత్తు మహోనీకి దక్కలేదు. మహోనీకి దొరికిన నిలకడ సెక్కాకు దొరకలేదు.

ఆ ముందు తరంలో ఒర్లాండో మార్టిన్స్ ఉన్నారు. 1899లో లాగోస్‌లో పుట్టి, లండన్‌లో సర్కస్, కుస్తీ పోటీల మీదుగా సినిమాల్లోకి వచ్చారు. 1949 నాటి ‘ది హేస్టీ హార్ట్’లో ఇంగ్లిష్ రాని ఆఫ్రికా సైనికుడు బ్లాసమ్‌గా, పెద్దగా మాటలు లేకుండానే ప్రేక్షకులను కదిలించారు. అందులో సహనటుడు రోనాల్డ్ రీగన్. ఆ తర్వాత మార్టిన్స్ లాగోస్‌కు తిరిగి వెళ్లారు. ఓలు జేకబ్స్ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చదివి, బ్రిటిష్ ధారావాహికల్లో చిన్న వేషాలు వేసి, 1980లలో నైజీరియాకు మరలి అక్కడి చిత్రసీమకు పెద్దదిక్కయ్యారు. లండన్‌లో అతిథి పాత్రకు సరిపోయిన నటుడే లాగోస్‌లో ఇంటి యజమాని, గ్రామ పెద్ద, రాజు అయ్యాడు. నటుడు మారలేదు, రాసేవారు మారారు.

నిధుల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1987లో రిచర్డ్ అటెన్‌బరో దక్షిణాఫ్రికా ఉద్యమకారుడు స్టీవ్ బికో కథతో ‘క్రై ఫ్రీడం’ తీశారు. ‘గాంధీ’ తీసిన దర్శకుడే. దక్షిణాఫ్రికాలో తీసే వీలు లేక జింబాబ్వేలో చిత్రీకరించారు. అంతర్జాతీయ మార్కెట్ కోసం తీసే సినిమాకు అమెరికా ప్రేక్షకులు ఎరిగిన ముఖం కావాలి, కాబట్టి బికో పాత్ర డెంజెల్ వాషింగ్టన్‌కు వెళ్లింది. ఆయన గొప్పగా నటించారు, ఆస్కార్ నామినేషన్ పొందారు. మహోనీకి దక్కినది లెసోతో ప్రభుత్వాధికారి వేషం. పదేళ్లకు పైగా ఆ దేశపు వర్ణవివక్షకు వ్యతిరేకంగా సంఘంలో పోరాడిన నటుడు, దాని మీద వచ్చిన అతిపెద్ద బ్రిటిష్ సినిమాలో ఒక దృశ్యానికి పరిమితమయ్యారు. ఆఫ్రికా కథలు పెద్ద బడ్జెట్‌కు ఎదిగినప్పుడు ప్రధాన పాత్ర సముద్రం దాటిపోయే ధోరణి అప్పటి నుంచి బలపడింది.

వాన ఆగేదాకా

2007 జూన్ 9న ప్రసారమైన ‘బ్లింక్’ అనే ‘డాక్టర్ హూ’ భాగంలో బిల్లీ షిప్టన్ ఒక యువ పోలీసు అధికారి. సాలీ అనే అమ్మాయితో సరదాగా మాట్లాడి, ఆమె ఫోను నంబరు తీసుకున్న కొద్దిసేపటికే 1969లోకి విసిరివేయబడతాడు. వెనక్కి వచ్చే మార్గం లేదు. ముప్పై ఎనిమిదేళ్లు మామూలు దారిలో బతికి, ఆమెకు ఫోను చేసేసరికి ఆసుపత్రి మంచం మీద చివరి ఘడియల్లో ఉంటాడు. కిటికీ బయట వాన. ఆ వాన ఆగేదాకానే తనకు ఆయుష్షు ఉందని అతనికి తెలుసు. యువ బిల్లీగా మైకేల్ ఒబియోరా, వృద్ధ బిల్లీగా మహోనీ. సాలీ పాత్రధారిణి కేరీ మల్లిగన్ ఆ తర్వాత పెద్ద తార అయ్యారు. ఆ భాగానికి సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది.

దృశ్యం కొద్ది నిమిషాలే. ఒక మనిషి జీవితమంతా ఆ కొద్ది నిమిషాల్లో మొయ్యాలి: పోగొట్టుకున్న యౌవనం, దొరికిన భార్య, దాచుకున్న సందేశం, ఆ అమ్మాయి మీద మిగిలిన మమకారం. మహోనీ గొంతు పెంచరు, కన్నీరు పెట్టరు. నాలుగు దశాబ్దాలు అతిథి పాత్రలు వేసిన నటుడికి ఒక విద్య అబ్బుతుంది. ఉపోద్ఘాతం లేకుండా తెరమీదికి వచ్చి, అప్పటిదాకా తనను ఎరగని ప్రేక్షకుడికి ఒక పూర్తి మనిషిని చూపించడం. ఆ దృశ్యం ఆ విద్యకు సంపూర్ణ రూపం.

ఈ అవకాశం వెనక రెండు మార్పులు ఉన్నాయి. 2005లో ‘డాక్టర్ హూ’ను పునఃప్రారంభించినవారు పాత్రధారుల ఎంపికను విశాలం చేశారు. ఈక్విటీ కమిటీ కోరిన పద్ధతి అదే. బిల్లీ నల్లజాతి మనిషి కావడానికి కథలో కారణం లేదు, ఎవరూ అడగరు. రెండోది వయసు. 1960లలో వృత్తిలోకి వచ్చిన నల్లజాతి నటులలో కొందరు దేశం విడిచారు, కొందరు వృత్తి విడిచారు. నిలిచినవారు తక్కువ. నాటి వలస తరం వృద్ధాప్యానికి చేరి, వారి కథలు తెరమీదికి వస్తున్నప్పుడు, వాటిని ధరించగల అనుభవజ్ఞులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందే మిగిలారు. 2018లో లండన్ బ్రిడ్జ్ థియేటర్‌లో ఆరోగ్య సేవ నేపథ్యంగా వచ్చిన ‘అల్లెలూయా’ నాటకంలోనూ మహోనీ కనిపించారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు.

మారినది, మారనిది

ఆయన 2020 జూన్ 28న మరణించారు. ‘ది జర్మన్స్’ మీద వాదన జరిగింది ఆ నెలలోనే. అయిదు రోజుల తర్వాత, జూలై 3న, 1951లో ‘పూల్ ఆఫ్ లండన్’తో బ్రిటిష్ సినిమాలో దారి వేసిన బెర్ముడా నటుడు ఎర్ల్ కామెరాన్ నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

మార్పు ఎంత మెల్లగా వచ్చిందో ఒక కొలత ఉంది. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో మహోనీ చేరింది 1967లో. అదే కంపెనీలో ఒక నల్లజాతి నటుడు, నైజీరియా మూలాలున్న డేవిడ్ ఒయెలోవో, ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీగా కిరీటం పెట్టుకున్నది 2000లో. నడుమ ముప్పై మూడేళ్లు. ఆ ఒయెలోవో కూడా తర్వాత అమెరికా చేరారు. ఇద్రిస్ ఎల్బా, డేవిడ్ హేర్‌వుడ్, మరియాన్ జాన్-బాప్టిస్ట్ కూడా పెద్ద పాత్రల కోసం అట్లాంటిక్ దాటవలసి వచ్చింది. సెక్కా వెళ్లిన దారి అది. ఇప్పుడు ఆ దారిలో రద్దీ పెరిగింది, రాకపోకలు రెండు వైపులా సాగుతున్నాయి.

చిన్న పాత్రల విషయంలో మార్పు ఇంకా లోతుగా ఉంది. ఈనాటి బ్రిటిష్ ఆసుపత్రి, పోలీసు, న్యాయస్థాన ధారావాహికల్లో నల్లజాతి, ఆసియా ముఖాలు కథలో కారణం చెప్పకుండానే కనిపిస్తాయి. మరోవైపు, కొత్త నటులను తయారుచేసిన రెపర్టరీ నాటకశాలల వ్యవస్థ చాలావరకు కుంచించుకుపోయింది. మహోనీ తరానికి వాకిలి ఇరుకుగా ఉన్నా, లోపలికి వెళ్లాక పని నేర్పే ఇల్లు ఒకటి ఉండేది. ఇప్పటి యువ నటులకు వాకిలి వెడల్పైంది, ఇల్లు చిన్నదైంది. అక్కడ నిలదొక్కుకోవడానికి కుటుంబ ఆస్తి ఉన్నవారికే ఎక్కువ వీలుంది. జాతి ప్రశ్న తీరకముందే దాని పక్కన వర్గం ప్రశ్న వచ్చి నిలబడింది. ఈక్విటీలో ఇప్పుడు నడుస్తున్న వాదనల్లో రెండూ కలిసే వినిపిస్తున్నాయి.